కామ్ పోర్టు మొండికేస్తే: అడ్రసా, ఐఆర్‌క్యూనా, తీగా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. పెంటియం మెషీన్, విండోస్ 98. కామ్1కి (మొదటి సీరియల్ పోర్టు) సీరియల్ మౌస్. ఐఎస్‌ఏ స్లాటులో (పాత రకం కార్డుల గాడి) ఇంటర్నల్ మోడెం, దాన్ని జంపర్లతో (కార్డు మీది పిన్నులను కలిపే చిన్న టోపీలు) కామ్3గా పెట్టారు. సౌండ్ కార్డు ఐఆర్‌క్యూ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైను) 5 మీద, ఎన్‌ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డు 300 అడ్రసులో (ప్రాసెసర్ ఆ కార్డుతో మాట్లాడే నంబరు), ఐఆర్‌క్యూ 3 మీద ఉన్నాయి. మోడెం డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోతోంది. కామ్2కి తగిలించిన పరికరం మామూలుగా బాగానే ఉన్నా, నెట్‌వర్క్ నడుస్తున్నంతసేపు పలకడం లేదు. విండోస్ మళ్లీ ఎక్కించినా మార్పు లేదు.

మారదు కూడా. ఇది జంపర్ల దగ్గరున్న తగాదా, విండోస్‌ని ఎన్నిసార్లు ఎక్కించినా జంపరు కదలదు కదా. మీ వివరాలు చూస్తే కారణం దాదాపు తెలిసిపోతోంది, చివర్లో ఏది ఎక్కడికి మార్చాలో చెబుతాను. కానీ కార్డులు పీకడం మొదలుపెట్టకముందు ఒక పని చేయండి. పోర్టు పనిచేయకపోవడానికి మూడు వేర్వేరు చోట్లున్నాయి: అడ్రస్, ఐఆర్‌క్యూ, బయటికి వెళ్లే తీగ. ఈ మూడింటినీ ఒకేసారి కదిపేవాళ్లకు రోజంతా పోతుంది. విడివిడిగా పరీక్షిస్తే గంట చాలు.

ముందు లెక్క. కామ్1 అడ్రస్ 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4. కామ్2 అడ్రస్ 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3. కామ్3 అడ్రస్ 3ఈ8, మళ్లీ ఐఆర్‌క్యూ 4. కామ్4 అడ్రస్ 2ఈ8, మళ్లీ ఐఆర్‌క్యూ 3. అంటే అడ్రసులు నాలుగు, ఇంటరప్ట్ లైన్లు రెండే. ఐఎస్‌ఏ బస్సులో ఇంటరప్ట్ అంచు మీద పనిచేస్తుంది: లైను కింద నుంచి పైకి లేచిన ఆ క్షణాన్నే కంట్రోలర్ గుర్తిస్తుంది. పైగా కార్డు ఆ లైనుని పైకీ కిందకీ తనే గట్టిగా పట్టుకుంటుంది. ఒక కార్డు పైకి లాగుతుంటే ఇంకోటి కింద పట్టుకుని కూర్చుంటే ఆ అంచు రాదు, ఇంటరప్ట్ పోయినట్టే. మౌస్ ఉన్న కామ్1, మోడెం ఉన్న కామ్3 రెండూ ఐఆర్‌క్యూ 4 మీదే కదా, మీ మౌస్ ఆగేది ఇందుకే. మోడెం పోర్టు తెరిచేదాకా దాని పట్టు లైను మీద ఉండదు, తెరవగానే పడుతుంది. అందుకే బూటయ్యాక అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

పీసీఐ (ఐఎస్‌ఏ తర్వాత వచ్చిన రకం స్లాటు) కార్డుల సంగతి వేరు. అవి లైను పంచుకునేలాగే తయారయ్యాయి. డివైస్ మేనేజర్లో ఒకే నంబరు పక్కన "ఐఆర్‌క్యూ హోల్డర్ ఫర్ పీసీఐ స్టీరింగ్" అని కనిపిస్తే అది తగాదా కాదు, దాని జోలికి పోకండి.

రెండు రకాల తగాదాలకు లక్షణాలు వేరుగా ఉంటాయి. ఐఆర్‌క్యూ తగాదా అయితే ఏ పరికరమైనా ఒంటరిగా బాగా నడుస్తుంది, రెండోది లేచినప్పుడే మొదటిది పడిపోతుంది. అడ్రస్ తగాదా అయితే మొదటి నుంచీ అంతా కలగాపులగం: రాసింది రెండు కార్డులకూ పోతుంది కాబట్టి రెండు సాకెట్ల నుంచీ అవే అక్షరాలు బయటికొస్తాయి, చదివేటప్పుడు ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చి చెత్త వస్తుంది. మదర్‌బోర్డు మీది కామ్2ని బయోస్‌లో (మెషీన్ ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) ఆపకుండా కామ్2 జంపరున్న మోడెం పెడితే జరిగేది ఇదే.

ఇక పరీక్ష. విండోస్‌లోని డాస్ కిటికీలో చేయకండి, అక్కడ విండోస్ మధ్యలో దూరి పోర్టులు తనకు నచ్చినట్టు చూపిస్తుంది. బూటయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి, మౌస్ డ్రైవర్ కూడా లేని ఖాళీ కమాండ్ ప్రాంప్ట్‌కి రండి. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాము చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కింది కమాండ్లు తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద వాటి ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. "ఓ" అంటే అవుట్‌పుట్, సున్నా కాదు. "ఐ" అంటే ఇన్‌పుట్. అంకెలన్నీ హెక్సాలోనే (పదికి బదులు పదహారు మీద నడిచే లెక్క).

మొదట బయోస్ ఏం చూసిందో చూడండి:

డి 40:0

మొదటి ఎనిమిది బైట్లు నాలుగు కామ్ పోర్టుల అడ్రసులు, బైట్లు తిరగేసి ఉంటాయి. ఎఫ్8 03 ఎఫ్8 02 అంటే 3ఎఫ్8, 2ఎఫ్8. ఆ తర్వాతి బైట్లు ప్రింటర్ పోర్టులవి, 78 03 అంటే 378. ఇక్కడ ఒక మెలిక ఉంది. బయోస్ ఖాళీ వదలకుండా నింపుకుంటూ పోతుంది. 3ఎఫ్8 దగ్గర ఏమీ లేక 2ఎఫ్8 ఒక్కటే ఉంటే, దాన్నే మొదటి గడిలో పెట్టి కామ్1 అంటుంది. బయోస్‌ని నమ్ముకున్న డాస్ ప్రోగ్రాముకి అది కామ్1, అడ్రసు చూసే విండోస్‌కి కామ్2. "ఒకదాంట్లో పనిచేస్తోంది, ఇంకోదాంట్లో పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. చాలా బయోస్‌లు మొదటి రెండు అడ్రసులనే వెతుకుతాయి. 3ఈ8 పట్టికలోకి రాకపోతే "ఈ 40:4 ఈ8 03" అని చేతితో రాసేయొచ్చు, మళ్లీ బూట్ చేసేదాకా నిలుస్తుంది.

ఇప్పుడు అడ్రసులో చిప్ నిజంగా ఉందా? డీబగ్ బయటికి వచ్చి ముందు "మోడ్ కామ్1:96,ఎన్,8,1" కొట్టి పోర్టుని 9600కి పెట్టండి. మళ్లీ డీబగ్‌లో:

ఐ 3ఎఫ్‌డీ

60 వస్తే చిప్ ఖాళీగా, సిద్ధంగా ఉంది. ఎఫ్ఎఫ్ వస్తే ఆ అడ్రసులో ఎవరూ లేరు: బయోస్‌లో పోర్టు ఆపేసి ఉంది, లేదా జంపరు వేరేచోట ఉంది. తర్వాత "ఓ 3ఎఫ్ఎఫ్ 55", "ఐ 3ఎఫ్ఎఫ్", ఆపై 55 బదులు ఏఏ. రాసిందే తిరిగి రావాలి. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే అదే అడ్రసులో ఇద్దరున్నారని అనుమానించండి. అసలే రాకపోతే కంగారు వద్దు, బాగా పాత 8250 చిప్‌లో ఆ రిజిస్టర్ ఉండదు.

"ఓ 3ఎఫ్ఏ 1" కొట్టి "ఐ 3ఎఫ్ఏ" చదవండి. సీ1 వస్తే 16550ఏ, 16 బైట్ల ఫైఫో (అక్షరాలను వరసలో దాచుకునే చిన్న నిల్వ) ఉన్న మంచి చిప్. 01 వస్తే 8250 లేదా 16450, ఫైఫో లేదు. 81 వస్తే తొలినాటి 16550, దాని ఫైఫోలో లోపముంది, లేనట్టే లెక్కవేసుకోండి.

చిప్ లోపలి దారి చూడడానికి ప్లగ్గు అక్కర్లేదు:

ఓ 3ఎఫ్‌సీ 10
ఓ 3ఎఫ్8 41
ఐ 3ఎఫ్8

41 తిరిగొస్తే చిప్ పంపడం, అందుకోవడం రెండూ బాగున్నాయి. అయ్యాక "ఓ 3ఎఫ్‌సీ 0" మరవకండి. ఇంతవరకు ఐఆర్‌క్యూ ప్రమేయం లేదు. డాస్‌లో ఫైలుని కామ్1కి కాపీ చేయడం కూడా ఇలా ఇంటరప్ట్ లేకుండానే జరుగుతుంది. అందుకే "కాపీ చేస్తే పోతోంది, టెర్మినల్ ప్రోగ్రాంలో మాత్రం ఏమీ రావట్లేదు" అంటే అడ్రసూ తీగా బాగున్నట్టు, తప్పు ఐఆర్‌క్యూది.

ఆ ఐఆర్‌క్యూ ఏదో కనిపెట్టడానికి ఎంఎస్‌డీ లాంటి ప్రోగ్రాముల మీద ఆధారపడకండి. కామ్3 కనిపిస్తే ఐఆర్‌క్యూ 4 అని ఆనవాయితీ కొద్దీ రాసేస్తాయి, జంపరు 5 మీద ఉన్నా సరే. ఇంటరప్ట్ కంట్రోలర్‌నే అడగండి. పీసీలో సీరియల్ చిప్ ఇంటరప్ట్ బస్సు దాకా రావాలంటే అవుట్2 అనే బిట్ ఆన్‌లో ఉండాలి (పోర్టు మొదటి అడ్రసుకి 4 కలిపిన రిజిస్టర్లో 8 విలువ). దాన్ని ఆన్ చేసి, ముందు ఒకసారి, ఇంటరప్ట్ లేపాక ఒకసారి చదివి పోల్చాలి:

ఓ 3ఎఫ్9 0
ఓ 3ఎఫ్‌సీ 8
ఓ 20 ఏ
ఐ 20
ఓ 3ఎఫ్9 2
ఐ 20
ఐ 3ఎఫ్ఏ
ఓ 3ఎఫ్9 0
ఓ 3ఎఫ్‌సీ 0

రెండో "ఐ 20"లో కొత్తగా పెరిగిన బిట్టే మీ ఐఆర్‌క్యూ. 08 పెరిగితే 3, 10 పెరిగితే 4, 20 పెరిగితే 5, 80 పెరిగితే 7. అడుగున 01, 02 వస్తూ పోతూ ఉంటే పట్టించుకోకండి, అవి టైమర్, కీబోర్డు. 8 దాటిన ఐఆర్‌క్యూలైతే 20 బదులు రెండో కంట్రోలర్ అడ్రస్ ఏ0 వాడాలి, అక్కడ 04 అంటే ఐఆర్‌క్యూ 10, 08 అంటే 11. ఏ డ్రైవరూ ఆ లైను వాడకుండా ఉంటేనే ఈ పరీక్ష కుదురుతుంది. "ఐ 21" చదివి ఆ లైను బిట్ 1గా ఉందో లేదో చూస్తే తెలుస్తుంది, 1 అంటే ఎవరూ వాడట్లేదు.

"ఐ 3ఎఫ్ఏ"లో చివరి అంకె 2 రావాలి, "నేను ఇంటరప్ట్ లేపాను" అని చిప్ చెప్పడం అది. చిప్ లేపానంటోంది కానీ కంట్రోలర్లో బిట్ పెరగలేదంటే రెండే దారులు: ఐఆర్‌క్యూ జంపరు పెట్టలేదు, లేదా ఇంకో కార్డు ఆ లైనుని కింద పట్టుకుంది. అనుమానమున్న కార్డు తీసి ఇదే మళ్లీ చేస్తే తేలిపోతుంది. ఇదే పరీక్ష మోడెంకి చేయాలంటే 3ఎఫ్ బదులు 3ఈ పెట్టండి. కామ్3కి మోడ్ కమాండ్ మొండికేస్తే పైన చెప్పిన 40:4 చిట్కా వాడి అప్పుడు చేయండి. అయితే అడ్రసులన్నీ వరసపెట్టి ఊరికే చదువుకుంటూ పోవద్దు. ఎన్‌ఈ2000 కార్డుల్లో 31ఎఫ్ లాంటి అడ్రసు చదివినా చాలు, కార్డు రీసెట్ అవుతుంది.

తీగ వైపు. మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి, తొమ్మిది పిన్నుల సాకెట్లో నల్ల ప్రోబు 5కి, ఎర్రది 3కి తాకించండి. ఏమీ పంపని పోర్టులో మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య రావాలి. సున్నాకి దగ్గరగా ఉంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి పవర్ సప్లై: 1488 రకం డ్రైవర్ చిప్‌లు మైనస్ 12 వోల్టుల మీద ఆధారపడతాయి. అది నీలం తీగ మీద వస్తుంది, మైనస్ 10.8 నుంచి మైనస్ 13.2 దాకా పరవాలేదు. ఆ లైను పోయినా మెషీన్ హాయిగా బూటవుతుంది, డిస్కులు తిరుగుతాయి, సీరియల్ పోర్టు ఒక్కటే చచ్చిపోతుంది. 5 వోల్టుల నుంచి తనే వోల్టేజీ తయారుచేసుకునే చిప్ ఉన్న బోర్డులకు ఈ బాధ లేదు.

రెండోది, ఇది ఎక్కువమందికి తట్టదు: బ్రాకెట్ కేబుల్. మదర్‌బోర్డు మీది పది పిన్నుల హెడర్ నుంచి వెనక సాకెట్‌కి వచ్చే రిబ్బన్ రెండు రకాలు, బయటికి చూస్తే ఒకేలా ఉంటాయి. ఒక రకంలో హెడర్ 2వ పిన్ను సాకెట్ 2కి, 3 మూడుకి, అలా నేరుగా వెళ్తుంది. ఇంకో రకంలో రిబ్బన్‌ని అలాగే నొక్కేసి ఉంటారు కాబట్టి హెడర్ 2 సాకెట్ 6కి, హెడర్ 3 సాకెట్ 2కి, హెడర్ 5 సాకెట్ 3కి వెళ్తుంది. వేరే బోర్డు నుంచి తెచ్చిన బ్రాకెట్ పెడితే పోర్టు అన్ని పరీక్షలూ పాసై బయట మాత్రం మూగగా ఉంటుంది. కనిపెట్టడం తేలికే. మెషీన్ ఆపి, ప్లగ్గు పీకేసి, మీటర్ కంటిన్యుయిటీలో పెట్టి, హెడర్లో ఏ పిన్ను కేసు గ్రౌండ్‌కి తగులుతోందో చూడండి. 5 అయితే బోర్డుకి మొదటి రకం కావాలి, 9 అయితే రెండో రకం.

పూర్తి దారి పరీక్షకు లూప్‌బ్యాక్ ప్లగ్గు చేసుకోండి. ఆడ తొమ్మిది పిన్నుల కనెక్టర్లో 2, 3 కలపండి, 7, 8 కలపండి, 1, 4, 6 మూడూ కలపండి. టెర్మినల్ ప్రోగ్రాంలో కొట్టిన అక్షరం తెర మీదకు రావాలి, ప్లగ్గు తీసేస్తే రావడం మానాలి. తీసినా వస్తుంటే అది లోకల్ ఎకో, పోర్టు ఘనత కాదు. డయాగ్నస్టిక్ ప్రోగ్రాములు కొన్ని కంట్రోల్ పిన్నులను వేరే జతలుగా కలపమంటాయి, వాటి ప్లగ్గు వాటిదే. 25 పిన్నుల సాకెట్లో 2, 3 తారుమారని గుర్తుంచుకోండి: అక్కడ పంపేది 2, గ్రౌండ్ 7. పీసీ వెనక ఆడ 25 పిన్నుల సాకెట్ ఉంటే అది ప్రింటర్ పోర్టు, సీరియల్ కేబుల్ దానికి పెట్టకండి.

కేబుల్ నేరుగా ఉండాలా, క్రాస్ ఉండాలా అన్న సందేహం కూడా మీటరే తీరుస్తుంది. పీసీకి 3వ పిన్ను మైనస్. పరికరం సాకెట్లో కూడా 3 మైనస్ అయితే క్రాస్ కేబుల్ కావాలి, 2 మైనస్ అయితే నేరు కేబుల్.

అక్షరాలు వస్తున్నా మధ్యలో మింగేస్తుంటే అది తగాదా కానక్కర్లేదు. 115200 వేగంలో ఒక్కో అక్షరం దాదాపు 87 మైక్రోసెకన్లకు వస్తుంది. ఫైఫో లేని చిప్‌లో ఆలోపు ప్రాసెసర్ తీసుకోకపోతే వెనకది ముందుదాని మీద పడుతుంది. 16 బైట్ల ఫైఫో ఉంటే కూడా, విండోస్‌లో రిసీవ్ బఫర్ స్లయిడర్ చివరిదాకా జరిపి 14 బైట్లకు ఇంటరప్ట్ పెడితే మిగిలే జాగా రెండు అక్షరాలే, అంటే సుమారు 174 మైక్రోసెకన్లు. స్లయిడర్‌ని మధ్యకు తెండి. వేగం తగ్గిస్తే పోయే తప్పు బఫరుది. ఏ వేగంలోనైనా అక్షరాలు వికృతంగా వస్తే బాడ్ (వేగం), పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) రెండు వైపులా సరిచూడండి.

ఇక మీ మెషీన్‌లో మార్చాల్సినవి. నెట్‌వర్క్ కార్డుని ఐఆర్‌క్యూ 3 నుంచి తీసి 10కి లేదా 11కి పెట్టండి. అడ్రస్ 300 బాగానే ఉంది, అలాగే ఉంచండి. ఆ కార్డు 32 అడ్రసులు ఆక్రమిస్తుంది కాబట్టి 360కి మారిస్తే 378 దగ్గరి ప్రింటర్ పోర్టు మీద కూర్చుంటుంది, 2ఈ0కి మారిస్తే కామ్2, కామ్4 రెండింటి మీదా పడుతుంది. కామ్2 సమస్య దీంతో తీరాలి.

మోడెం అడ్రస్ 3ఈ8 ఉంచి ఐఆర్‌క్యూ 5కి జంపరు మార్చండి. సౌండ్ కార్డుని 7కి జరపండి, డాస్ ఆటలు ఎక్కువగా 5 లేదా 7నే అడుగుతాయి. 7 ప్రింటర్ పోర్టుది కదా అంటారేమో, మామూలు ముద్రణ దాన్ని వాడదు. బయోస్‌లో ప్రింటర్ పోర్టుని ఈసీపీ నుంచి నార్మల్‌కి మార్చి ఉంచండి, చాలు. మోడెంని కామ్4కి పెడితే తేలికని ఎవరైనా చెబితే వినకండి. ఎస్3 చిప్ ఉన్న వీడియో కార్డులు 42ఈ8, 82ఈ8 లాంటి అడ్రసులు వాడతాయి. పాత సీరియల్ కార్డు అడ్రసులో కింది పది బిట్లే చూస్తుంది కాబట్టి అవన్నీ దానికి 2ఈ8గానే కనిపిస్తాయి. మోడెం బదులు తెర పిచ్చిగా ప్రవర్తించడం అక్కడ మామూలే.

జంపరున్న ఐఎస్‌ఏ కార్డు ప్లగ్ అండ్ ప్లే బయోస్ కంటికి కనపడదు. 5 ఖాళీగా ఉందనుకుని ఏ పీసీఐ కార్డుకో ఇచ్చేస్తుంది. బయోస్‌లో పీఎన్‌పీ/పీసీఐ పేజీకి వెళ్లి 5ని "లెగసీ ఐఎస్‌ఏ" అని కేటాయించండి. సౌండ్ కార్డు కూడా జంపర్లదే అయితే 7ని, నెట్‌వర్క్ కార్డు అలాంటిదే అయితే దాని నంబరునూ అలాగే పెట్టి, "రీసెట్ కాన్ఫిగరేషన్ డేటా"ని ఒకసారి ఎస్ చేసి సేవ్ చేయండి.

తర్వాత విండోస్ సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే ఇప్పుడు లేని పాత పోర్టులు, మోడెంల నకళ్లు కనిపిస్తాయి, వాటిని తీసేయండి. మామూలుగా బూటయ్యాక మోడెం ఉన్న పోర్టు రిసోర్సెస్ పేజీలో ఆటోమేటిక్ టిక్కు తీసి, 3ఈ8, 5 అని మీరే రాయండి. ఆటోమేటిక్‌లో వదిలితే అది ఆనవాయితీ ప్రకారం మళ్లీ 4 అనుకుంటుంది. పైనున్న కంప్యూటర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ఐఆర్‌క్యూలన్నీ వరసగా వస్తాయి, 3, 4, 5, 7 ఒక్కొక్కరికే ఉన్నాయో లేదో చూసుకోండి.

అంతా కుదిరి కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తే సీమాస్ బ్యాటరీ కొలవండి. సీఆర్2032 మూడు వోల్టులది. అది చచ్చితే బయోస్ తన పాత సెట్టింగులకు వెళ్లిపోయి మీ కేటాయింపులన్నీ చెరిపేస్తుంది. బోర్డుకి టంకం వేసిన పీపా ఆకారపు బ్యాటరీ అయితే చుట్టూ ఆకుపచ్చ పొక్కులున్నాయేమో కూడా చూడండి, దాని కారుడు కీబోర్డు సాకెట్ దగ్గరి ట్రేసులను తినేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా మౌస్ ఆగుతుంటే మోడెం, మౌస్ రెండు పోర్టులకూ "ఐ 20" రెండుసార్ల రీడింగులు, "ఐ 3ఎఫ్ఏ", "ఐ 3ఈఏ", 40:0 మొదటి పది బైట్లు, మోడెం కార్డు మీద జంపర్ల పక్కన ముద్రించిన పేర్లు రాసి పంపండి.